కార్డు స్టేట్‌మెంటులో మూడు తెలియని పద్దులు: మూడింటినీ మోసం అని రాసి ఇవ్వవచ్చా?

ప్రశ్న (కర్నూలు, అధ్యాపకురాలు)

అందరికీ నమస్కారం. నేను కర్నూలులో జూనియర్ కళాశాల అధ్యాపకురాలిని. నాకు ఒకే క్రెడిట్ కార్డు ఉంది, దాని పరిమితి లక్షన్నర రూపాయలు. నిన్న, రెండో శనివారం నాడు, ఈ నెల స్టేట్‌మెంటు ఈమెయిల్‌కు వచ్చింది. ప్రతి నెలా చివరి మొత్తం చూసి కట్టేయడమే నాకు అలవాటు. ఈసారి ఆ మొత్తం ఎక్కువగా కనిపించడంతో ఒక్కొక్క పద్దూ చదివాను, మూడు చోట్ల ఆగిపోయాను.

మొదటిది 2,340 రూపాయలు. ఏదో ఎంటర్‌ప్రైజెస్ అనే పేరు, పక్కన కర్నూలు అని ఉన్నాయి కానీ, ఆ పేరుతో ఊళ్లో దుకాణం ఉన్నట్టు నేనెప్పుడూ వినలేదు. రెండోది 499 రూపాయలు. పాత స్టేట్‌మెంట్లు తీసి చూస్తే గత రెండు నెలల్లోనూ అదే తేదీన అంతే మొత్తం పోయింది. నన్ను భయపెడుతున్నది మూడోది. తొమ్మిదో తేదీ గురువారం, అర్ధరాత్రి దాటాక 1:40కి, ఒక విదేశీ వెబ్‌సైటులో 6,870 రూపాయలు ఖర్చయినట్టు ఉంది. దాని కిందే 240.45, 43.28 అని మరో రెండు చిన్న పద్దులున్నాయి. ఫోనులో వెతికితే ఆ రాత్రి వచ్చిన ఎస్ఎంఎస్‌లు ప్రకటనల మధ్య కనిపించాయి. ముందు 2 రూపాయలకు ఒకటి, నాలుగు నిమిషాల తర్వాత 6,870కి ఒకటి. ఆ వేళ నేను నిద్రలో ఉన్నాను, కార్డు బీరువాలో ఉంది, ఓటీపీ ఏదీ రాలేదు, నేనెవరికీ ఏదీ చెప్పలేదు.

సోమవారం బ్రాంచికి వెళ్లి మూడింటినీ కలిపి మోసం అని ఒకే అర్జీ రాసి ఇవ్వమని తెలిసినవాళ్లు అంటున్నారు. అది సరైనదేనా? ఈ లోపు బిల్లు గడువు వస్తే ఏం చేయాలి? దయచేసి అనుభవం ఉన్నవారు చెప్పండి.

జవాబు (అనంతపురం, విశ్రాంత బ్యాంకు ఉద్యోగి)

అమ్మా, సోమవారం దాకా ఆగవద్దు. మిగతా జవాబు తర్వాత చదువుకోవచ్చు, ముందు కార్డు వెనక ముద్రించిన నంబరుకు ఫోన్ చేసి మూడో పద్దు గురించి చెప్పి కార్డును బ్లాక్ చేయించండి. ఇంటర్నెట్‌లో కస్టమర్ కేర్ నంబరు వెతకవద్దు, అక్కడ దొంగ నంబర్లు కాచుకుని ఉంటాయి. ఇలాంటి ఫిర్యాదులు తీసుకోవడానికి బ్యాంకులు ఆదివారమైనా అర్ధరాత్రైనా ఏర్పాటు ఉంచాలన్నది రిజర్వ్ బ్యాంకు నియమం. ఫిర్యాదు సంఖ్య, సమయం కాగితం మీద రాసుకుని, అవే వివరాలతో బ్యాంకుకు ఈమెయిల్ కూడా పంపండి. తర్వాత 1930కి ఫోన్ చేసి సైబర్ నేరాల విభాగంలో నమోదు చేయించండి.

ఇంత తొందర ఎందుకంటే, 2017 జూలై 6న రిజర్వ్ బ్యాంకు ఇచ్చిన సర్క్యులర్ ప్రకారం, తప్పు మీదీ బ్యాంకుదీ కాక మధ్యలో మరెవరిదో అయినప్పుడు, బ్యాంకు నుంచి సమాచారం అందిన మూడు పనిదినాల్లోగా తెలియజేస్తే మీ మీద ఒక్క రూపాయి భారం కూడా పడదు. నాలుగు నుంచి ఏడు పనిదినాల మధ్య చెబితే, ఐదు లక్షల లోపు పరిమితి ఉన్న క్రెడిట్ కార్డుకు గరిష్ఠంగా 10,000 రూపాయల వరకు మీరు భరించవలసి రావచ్చు. మీ నష్టం అంతకన్నా తక్కువ కాబట్టి, ఆలస్యమైతే మొత్తమంతా మీ నెత్తినే పడే ప్రమాదం ఉందన్న మాట. ఏడు పనిదినాలు దాటితే బ్యాంకు తన విధానం ప్రకారం తేలుస్తుంది. సమాచారం అందిన రోజును లెక్కలోకి తీసుకోరు. మీకు ఎస్ఎంఎస్ వచ్చింది గురువారం కనుక శుక్రవారం ఒకటి, రెండో శనివారం, ఆదివారం సెలవులు, సోమవారం రెండు, మంగళవారం మూడు. స్టేట్‌మెంటు చూసిన రోజు నుంచి లెక్క అనుకుని చాలామంది పొరపాటు పడతారు. బ్యాంకు ఎస్ఎంఎస్ నుంచే లెక్కపెడుతుంది. మంగళవారం వరకు సమయం ఉంది గదా అని కూడా అనుకోవద్దు, ఎందుకంటే మీ కార్డు వివరాలు దొరికినవాడు ఈ రాత్రే మళ్లీ ప్రయత్నించవచ్చు.

ఆ 2 రూపాయలు కార్డు పనిచేస్తుందో లేదో చూసుకోవడానికి వేసిన రాయి. మంచి సంస్థలు కూడా కార్డును నమోదు చేసుకునేటప్పుడు ఇలా చిన్న మొత్తం తీసి వెనక్కి వేస్తాయి గనుక అదొక్కటే మోసానికి గుర్తు కాదు. కానీ మీరు ఎక్కడా కార్డు నమోదు చేయని వేళ వచ్చిందంటే అనుమానించవలసిందే. కింద ఉన్న రెండు చిన్న పద్దులు వేరే ఖర్చులు కావు. 6,870 మీద మూడున్నర శాతం విదేశీ మారక రుసుము 240.45, ఆ రుసుము మీద 18 శాతం జీఎస్టీ 43.28. ఫిర్యాదులో ఈ 283.73ను కూడా కలిపి 7,153.73 అని రాయండి. అసలు వెనక్కి వచ్చి రుసుములు రాకుండా మిగిలిపోయిన ఫిర్యాదులను నేను చాలా చూశాను.

ఓటీపీ లేకుండా ఎలా పోయిందని మీకు సందేహం రావచ్చు. మన దేశంలోని వెబ్‌సైట్లకు రెండో ధ్రువీకరణ తప్పనిసరి, బయటి దేశాల వెబ్‌సైట్లు చాలా వాటిలో కార్డు నంబరు, గడువు తేదీ, వెనక ఉన్న మూడంకెలు ఇస్తే సరిపోతుంది. అందుకే 2020 నుంచి కొత్తగా ఇచ్చే కార్డుల్లో అంతర్జాతీయ వాడకాన్ని మూసి ఇస్తున్నారు, కావాలంటే మనమే తెరుచుకోవాలి. మీరు ఎప్పుడైనా తెరిచారేమో గుర్తు చేసుకోండి.

ఇక మీ అసలు ప్రశ్నకు వస్తాను. మూడింటినీ ఒకే అర్జీలో మోసం అని రాయడం నష్టమే. మీ ఇంట్లోవాళ్లే కొన్న వస్తువును మోసం అని రాస్తే, బ్యాంకు ఆ దుకాణం నుంచి చీటీ తెప్పిస్తుంది, అందులో పిన్ నొక్కి కొన్నట్టు తేలుతుంది, ఆ పద్దు మీద ఫిర్యాదు కొట్టివేస్తారు. అదే అర్జీలో ఉన్న నిజమైన మోసాన్ని కూడా ఆ కంటితోనే చూసే ప్రమాదం ఉంది. అలాగని మోసాన్ని 'ఈ పద్దు వివరాలు తెలుపగలరు' అని మెత్తగా రాస్తే, దాన్ని బిల్లు సందేహంగా నమోదు చేసుకుంటారు. దానికి జవాబు ఇవ్వడానికి బ్యాంకుకు 30 రోజులు గడువు, మీ మూడు రోజులు మాత్రం గడిచిపోతాయి. మూడోదానికి 'నేను చేయని, నా అనుమతి లేని లావాదేవీ' అన్న మాటలే వాడండి. మిగతా రెండింటిని ముందు ఇంట్లో విచారించండి.

జవాబు (కడప, దుకాణదారుడు)

మేడమ్ గారూ, మొదటి పద్దు గురించి స్వైప్ మిషన్ వాడే మనిషిగా నాకు తెలిసింది చెబుతాను. కడపలో మా దుకాణం బోర్డు మీద ఉన్న పేరు వేరు, బ్యాంకులో కరెంటు ఖాతా, జీఎస్టీ నమోదు ఉన్న పేరు వేరు. మా నాన్నగారు మొదలుపెట్టిన ఏజెన్సీ పేరు మీదే మిషన్ తీసుకున్నాము గనుక, మా దగ్గర చీర కొన్నవారి స్టేట్‌మెంటులో ఆ ఏజెన్సీ పేరే పడుతుంది. నెలకు ఒకరిద్దరు ఫోన్ చేసి కంగారుగా అడుగుతారు, వారికి ఓపికగా చెప్పడం మా బాధ్యత అనుకుంటాను. పెద్ద గొలుసు దుకాణాలకైతే ప్రధాన కార్యాలయం ఉన్న ఊరి పేరు, ఆన్‌లైన్ కొనుగోళ్లకు మధ్యలో డబ్బు వసూలు చేసే సంస్థ పేరు కూడా రావచ్చు.

కనుక పేరును పట్టుకుని వెతకకుండా తేదీనీ మొత్తాన్నీ పట్టుకుని వెతకండి. ఆ రోజు మీరు, మీ వారు ఎక్కడికి వెళ్లారో గుర్తు చేసుకుని, సంచుల్లో, పర్సుల్లో ఉన్న చీటీలు తీయండి. స్వైప్ చీటీ మీద పైన సంస్థ పేరు, మధ్యలో కార్డు చివరి నాలుగంకెలు, కింద ఆర్ఆర్ఎన్ అని ఆ లావాదేవీని గుర్తించే పన్నెండు అంకెల సంఖ్య ఉంటాయి. బ్యాంకును అడిగితే ఆ పద్దు ఆర్ఆర్ఎన్ చెబుతారు, రెండూ కలిస్తే ఇక సందేహం ఉండదు. ఒక్క మాట, ఆ చీటీ వేడికి అచ్చు పడే కాగితం, మన రాయలసీమ ఎండకు బండి డిక్కీలో పెడితే కొద్ది రోజుల్లో తెల్లకాగితమైపోతుంది. తీసుకున్న వెంటనే ఫోనుతో ఒక ఫోటో తీసి పెట్టుకోండి.

జవాబు (అనంతపురం, యాప్‌లు తయారుచేసే ఉద్యోగి)

నెలనెలా అదే తేదీన అదే మొత్తం పోతోందంటే అది ఏదో యాప్ చందా అయ్యే అవకాశం ఎక్కువ. 'మొదటి నెల ఉచితం' అని చూసి ఎవరో కార్డు ఇచ్చి ఉంటారు. 2021 అక్టోబరు 1 నుంచి అమలైన నియమం ప్రకారం, ఇలాంటి ఆటోమేటిక్ చెల్లింపుకు కనీసం 24 గంటల ముందు బ్యాంకు మనకు తెలియజేయాలి, ఆపుకునే దారి కూడా అందులో చూపాలి. ఎనిమిదో తేదీన పడితే ఏడో తేదీన మెసేజ్ వచ్చి ఉంటుంది, అలా మీ పద్దు తేదీకి ముందు రోజు మెసేజ్‌లు, ఈమెయిళ్లు వెతకండి, యాప్ పేరు అందులోనే ఉంటుంది. ఫోనులో యాప్‌ను తీసేసినంత మాత్రాన చందా ఆగదు. యాప్‌లోకి వెళ్లి చందా రద్దు చేయాలి, బ్యాంకు వెబ్‌సైటులో ఈ-మ్యాండేట్ల (ఆటోమేటిక్ చెల్లింపులకు మనం ఇచ్చిన అనుమతుల) జాబితాలో కూడా రద్దు చేయాలి. ఇది అనుమతి ఇచ్చి చేసిన చెల్లింపు గనుక పోయిన నెలల డబ్బు బ్యాంకును అడిగితే రాదు, ఆ సంస్థను అడిగి చూడాలి.

ప్రశ్నించినవారి మాట (అదే రోజు రాత్రి)

అందరికీ కృతజ్ఞతలు. సాయంత్రం 4:20కి కార్డు బ్లాక్ చేయించాను, ఫిర్యాదు సంఖ్య వచ్చింది, 1930లోనూ నమోదైంది. మా వారి చొక్కా జేబులో చీటీ దొరికింది. ఆయన రాజ్ విహార్ దగ్గర మా మామగారికి చెప్పులు, గొడుగు, ఇంకేవో కొన్నారట, చీటీ మీద పైన ఉన్నది ఆ ఎంటర్‌ప్రైజెస్ పేరే. 499 మా అబ్బాయి చదువు కోసం పెట్టుకున్న యాప్ చందా. వాడు పరీక్ష అయిపోగానే యాప్ తీసేసి, అంతటితో ఆగిపోయిందనుకున్నాడు. మూడింటినీ మోసం అని రాసి ఇచ్చి ఉంటే ఎంత తప్పు జరిగేదో ఇప్పుడు అర్థమవుతున్నది. అంతర్జాతీయ వాడకం కూడా నేనే తెరిచాను. పోయిన ఏడాది వాడి విదేశీ పరీక్ష రుసుము కట్టడానికి తెరిచి మళ్లీ మూయలేదు. దీన్ని నా నిర్లక్ష్యం అంటారా?

జవాబు (అనంతపురం, విశ్రాంత బ్యాంకు ఉద్యోగి)

అనడానికి వీల్లేదమ్మా. పిన్, ఓటీపీ వంటివి మీ అంతట మీరు ఇతరులకు చెబితే దాన్ని నిర్లక్ష్యం అంటారు. బ్యాంకే ఇచ్చిన సదుపాయాన్ని తెరిచి ఉంచడం ఆ కోవలోకి రాదు. పైగా తప్పు మీదని రుజువు చేయవలసిన భారం బ్యాంకు మీదే ఉందని ఆ సర్క్యులర్‌లోనే రాసి ఉంది. ఫోనులో ఎవరైనా మిమ్మల్ని ఆ మాట అంటే రాతపూర్వకంగా ఇవ్వమని అడగండి.

బిల్లు విషయం: వివాదంలో ఉన్న 7,153.73ను పక్కన పెట్టి, మిగతా మొత్తాన్ని గడువులోగా తప్పక కట్టండి. ఆ మొత్తమూ ఆపితే వడ్డీ, ఆలస్య రుసుము మీ మీద పడతాయి, క్రెడిట్ స్కోరు కూడా దెబ్బతింటుంది. మోసం అని ఫిర్యాదు చేసిన మొత్తం మీద మాత్రం అది తేలేవరకు ఏ రుసుమూ వేయకూడదు. మీరు తెలియజేసిన పది పనిదినాల్లో ఆ మొత్తాన్ని తాత్కాలికంగా మీ ఖాతాలో జమ చేయాలి, 90 రోజుల్లో ఫిర్యాదును తేల్చాలి. 30 రోజులు గడిచినా బ్యాంకు నుంచి జవాబు లేకపోయినా, ఇచ్చిన జవాబు తృప్తిగా లేకపోయినా, బ్యాంకుల మీద ఫిర్యాదులు విచారించే రిజర్వ్ బ్యాంకు ఆంబుడ్స్‌మన్‌కు రుసుము లేకుండా రాసుకోవచ్చు.

ప్రశ్నించినవారి మాట (మూడు వారాల తర్వాత)

తొమ్మిదో పనిదినాన 6,870 తాత్కాలికంగా జమ అయింది. పెద్దవారు ముందే హెచ్చరించినట్టు 283.73 రాలేదు. అదే ఫిర్యాదు సంఖ్య వేసి, లెక్క విడదీసి చూపిస్తూ మళ్లీ ఈమెయిల్ పంపితే నాలుగు రోజుల్లో అదీ వచ్చింది. తుది నిర్ణయం ఇంకా రావలసి ఉంది, 90వ రోజును క్యాలెండరులో గుర్తు పెట్టుకున్నాను. కొత్త కార్డు అంతర్జాతీయ వాడకం మూసి ఉండగానే వచ్చింది. నిన్న అబ్బాయి దరఖాస్తు రుసుము కట్టవలసి వచ్చినప్పుడు తెరిచి, కట్టి, రసీదు వచ్చిన నిమిషంలోనే మళ్లీ మూసేశాను.