గెలవాల్సిన గేములు డ్రా అయిపోతున్నాయి, ఓపెనింగ్ మార్చేయాలా?

బొబ్బిలి_బంటు:

అందరికీ నమస్కారం. మాది బొబ్బిలి, ఉద్యోగం విజయనగరంలో. రోజూ రైల్లో వెళ్లొస్తాను, నా చెస్ అంతా ఆ రైల్లోనూ, రాత్రి భోజనాలయ్యాక మంచం మీదానూ, ఫోన్లోనే. లిచెస్ అనే ఆన్‌లైన్ చెస్ సైట్‌లో ర్యాపిడ్ రేటింగ్ 1500 దగ్గర ఎప్పట్నుంచో ఇరుక్కుపోయింది. కాస్త పైకెళ్తుంది, ఒక చెడ్డ రాత్రి వస్తుంది, మళ్లీ మొదటికొస్తుంది. తెల్లవాటితో లండన్ సిస్టమ్ అనే ఓపెనింగ్ (ఆట మొదట్లో వేసే ఎత్తుల వరస) ఆడతాను, నల్లవాటితో మాత్రం ఆ పూట ఏది బుద్ధి పుడితే అది.

ఈమధ్య విజయనగరంలో ఒక ఓపెన్ టోర్నమెంట్ పెడితే వెళ్లాను. ఒక రౌండ్లో ఏడో తరగతి పిల్లాడు పడ్డాడు. ఆట మొత్తం నాదే పైచేయి, చివరికి ఒక బంటు ఎక్కువ ఉంది కదా అని ఏనుగులు కూడా మార్చేసుకున్నాను. ఆ పొజిషన్ ఇది: నా రాజు డీ-3లో (అక్షరం నిలువు వరస, అంకె తెల్లవాటి వైపు నుంచి అడ్డ వరస), బంటు ఈ-2లో. అతని రాజు ఈ-6లో, ఇంకేమీ లేదు. ఎత్తు వేయాల్సింది నేను. బంటును ఈ-4కి తోశాను, ఎంత తిప్పలు పడ్డా క్వీన్ కాలేదు, డ్రా. పిల్లాడు లేచి షేక్‌హ్యాండ్ ఇచ్చేసి, బయట జంతికల పొట్లం పట్టుకుని నిలబడ్డ వాళ్ల నాన్న దగ్గరికి పరిగెత్తాడు. నేను మాత్రం ఆ బోర్డు చూస్తూ ఉండిపోయాను.

ఇప్పుడు నా ప్రశ్న. లండన్ వదిలేసి ఇంకాస్త దూకుడైన ఓపెనింగ్ ఏదైనా పట్టుకోవాలా? కొనమంటే కోర్సు కూడా కొంటాను. మా వైపు కోచ్‌లు ఎవరూ దొరకట్లేదు, విశాఖ వెళ్లి నేర్చుకునేంత తీరిక నాకు లేదు.

రాజాం_మాస్టారు:

ఏటి తమ్ముడూ, ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది నీ వరస. చేయి తప్పింది చిట్టచివర, నువ్వు మార్చేస్తానంటున్నది మొదటి ఎనిమిది ఎత్తులు. లండన్ నీకేం అపకారం చేసింది? బంటు ఎక్కువతో ఎండ్‌గేమ్ (పావులు కొన్నే మిగిలిన ఆఖరి దశ) దాకా తీసుకొచ్చి పెట్టింది కదా.

నీ పొజిషన్ బోర్డు మీద పెట్టి చూశాను. అది ఖాయంగా గెలుపు. బంటుని ముట్టుకోకుండా రాజుని ఈ-4కి తేవాలి. అప్పుడు రాజులిద్దరూ ఎదురెదురు, మధ్యలో ఒక్క గడి, ఎత్తు అతనిది. అపోజిషన్ అంటే ఇదే. అతను పక్కకి తప్పుకోక తప్పదు. డీ-6కి పోతే నీ రాజు ఎఫ్-5కి, ఎఫ్-6కి పోతే నువ్వు డీ-5కి, వెనక్కి ఈ-7కి పోతే నువ్వు ఈ-5కి వెళ్లి మళ్లీ ఎదురు నిలబడాలి. అలా తోసుకుంటూ నీ రాజు ఆరో వరసకి చేరి, బంటు దాని వెనకే ఉందనుకో, ఇక ఎత్తు ఎవరిదైనా గెలుపే. పైగా బంటు ఇంకా ఈ-2లోనే ఉండటం నీకు పెద్ద వరం. ఎత్తు నీ మీద పడి ఇబ్బంది పడే చోట ఈ-3 అని ఒక్క గడి జరిపితే, ఎత్తు మళ్లీ అతని నెత్తిన పడుతుంది. ఆ దాచుకున్న ఎత్తుని నువ్వు ఒక్కసారిగా రెండు గడులు తోసి ఖర్చు పెట్టేశావు.

ఈ-4 తోశాక ఏమైందో కూడా చూడు. అతను రాజుని ఈ-5కి, సరిగ్గా బంటు ముందుకి తెచ్చాడు. తర్వాత నువ్వు ఈ-3కి వస్తే వాడు తిన్నగా ఈ-6కి వెనక్కి. నువ్వు డీ-4 అంటే వాడు డీ-6, ఎఫ్-4 అంటే ఎఫ్-6. ఎటు తిరిగినా ఎదురే. ఆ బుడ్డోడికి ఈ విషయం క్షుణ్ణంగా తెలుసు, ఎవరో ఓపిగ్గా నేర్పారు. అదృష్టం కొద్దీ తప్పించుకున్నాడని మాత్రం అనుకోకు.

ఇదేదో చిన్నపిల్లల పాఠం అనుకుంటావేమో, ప్రపంచ టైటిల్ కూడా ఇలాంటి లెక్క మీదే తేలింది. 2024 డిసెంబర్ 12, సింగపూర్, గుకేశ్, డింగ్ లిరెన్ 14వ గేము. స్కోరు సమానం, పొజిషన్ దాదాపు డ్రా, ఇద్దరికీ చెరో ఏనుగు, చెరో బిషప్, గుకేశ్‌కి ఒక బంటు ఎక్కువ. 55వ ఎత్తులో, తెల్లవాటితో ఆడుతున్న డింగ్ ఏనుగుని ఎఫ్-2కి తెచ్చి మార్పిడికి పెట్టాడు. గుకేశ్ ఏనుగులు మార్చుకుని, ఆ వెంటనే బిషప్‌ని డీ-5లో పెట్టి, మూలన ఇరుక్కున్న అవతలి బిషప్‌ని కూడా మార్చుకోక తప్పని పరిస్థితి తెచ్చాడు. మిగిలింది రాజులూ బంట్లూ, అది తెల్లవాటికి పోయిన గేము. డింగ్ అక్కడే రిజైన్ చేశాడు. మార్పిడికి ముందు "ఇవన్నీ పోయాక బోర్డు మీద ఏం మిగులుతుంది" అని అడగాలి. నువ్వు ఏనుగులు మార్చేటప్పుడు అడగలేదు. అడిగినా జవాబు తెలిసేది కాదు, ఎందుకంటే బంటు ఎండింగ్ ఎప్పుడూ చదవలేదు. 1921 నుంచి 1927 దాకా ప్రపంచ ఛాంపియన్‌గా ఉన్న కాపాబ్లాంకా ఆటని చివరి నుంచే నేర్చుకోమనేవాడు, ఆయన ఊరికే చెప్పలేదు.

కోర్సు డబ్బులు దాచుకో. రాజు-బంటు ఎండింగులు, ఆ తర్వాత ఏనుగు ఎండింగుల్లో లుసేనా, ఫిలిడోర్ అని రెండు పొజిషన్లున్నాయి, ఒకటి గెలవడానికి, ఒకటి కాపాడుకోవడానికి. ఈ మాత్రం లిచెస్‌లోనే ఫ్రీగా ఉంటుంది.

ఏడురోడ్ల_గుర్రం:

మాస్టారు చెప్పింది నూటికి నూరుపాళ్లు ఒప్పుకుంటాను. నాకు కనిపించిన ఇంకో సంగతి, ప్రశ్నలోనే ఉంది: "అంతా ఫోన్లోనే". నేను శ్రీకాకుళంలో పిల్లలకి చెస్ చెప్తాను, వాళ్లలో ఫోన్ మీద పెరిగిన పిల్లలు టోర్నమెంట్‌లో చెక్క బోర్డు ముందు కూర్చోగానే తడబడతారు. పక్కనుంచి వచ్చే బిషప్ కనబడదు. ఫోన్లో బొటనవేలితో లాగేసి, అబ్బే అనుకుంటే తిరిగి పెట్టేయొచ్చు, ఇక్కడ ఆడే ఉద్దేశంతో పావుని ముట్టుకున్నారంటే ఆ పావునే కదపాలి. కాబట్టి ఒక మామూలు బోర్డు కొనండి, ఇంట్లో పజిల్స్ దాని మీద పేర్చుకుని, చేతులు ఒళ్లో పెట్టుకుని చేయండి. చేతులు ఒళ్లో పెట్టమంటే మా పిల్లలు నవ్వుతారు, కానీ పనిచేస్తుంది.

రాత్రిపూట బ్లిట్జ్ ఓడితే "ఇంకొక్కటి" అనిపించే జబ్బు అందరికీ ఉంది, దాని గురించి ఉపన్యాసం ఇవ్వను. కాకపోతే 3 నిమిషాల గేముల్లో మీరు నేర్చుకునేది ఇప్పటికే వచ్చినదాన్ని ఇంకా వేగంగా ఆడటం, అంతే. వచ్చిన తప్పు కూడా అలాగే వేగంగా వస్తుంది. 15 నిమిషాలు, ఎత్తుకి 10 సెకన్లు కలిసే గేము ఒకటి ఆడి, దాన్ని విప్పి చూసుకోవడం మేలు.

విప్పి చూసుకోవడం అంటే స్టాక్‌ఫిష్ అనే చెస్ ఇంజిన్ బటన్ నొక్కి ఎర్ర గుర్తులు లెక్కపెట్టడం కాదు. అది "ఇక్కడ మైనస్ మూడు" అంటుంది, మీరెందుకు ఆ ఎత్తు వేశారో దానికేం తెలుసు? ముందు ఇంజిన్ ముట్టుకోకుండా, గేము ఇంకా బుర్రలో వేడిగా ఉండగానే, ఎక్కడెక్కడ అనుమానపడ్డారో అక్కడ ఏం అనుకున్నారో తెలుగులోనే నోట్‌బుక్‌లో రాయండి. "ఇక్కడ గుర్రం ఫోర్క్ (ఒకేసారి రెండు పావుల మీద పడటం) అసలు చూడలేదు." "చూశాను గానీ వాడు అలా కొట్టడనుకున్నాను." "ఏం చేయాలో తోచక బంటు తోశాను." ఇవన్నీ ఒకే జాతి తప్పులు కావు. చూడకపోతే పజిల్స్ చేయాలి, చూసి లెక్క తప్పితే ఎత్తులు చివరిదాకా లెక్కపెట్టే అలవాటు కావాలి, తోచకపోతే ఆ రకం పొజిషన్ చదవాలి, టైమ్ లేక వేసింది అయితే అంతకు ముందు ఎక్కడ టైమ్ తగలేశారో వెతకాలి. అందుకే మా పిల్లల చేత స్కోర్‌షీట్ మీద ఎత్తు పక్కన క్లాక్‌లో మిగిలిన టైమ్ కూడా రాయిస్తాను, రూల్స్ ఒప్పుకుంటాయి. ఎత్తు వేయకముందే రాసుకోవడం మాత్రం కుదరదు, ఆర్బిటర్ పట్టుకుంటారు. ఒక అమ్మాయి షీట్లు చూస్తే ప్రతి గేములోనూ పదో ఎత్తుకే సగం టైమ్ గాయబ్, ఆ తర్వాత అన్నీ గాలిలో ఎత్తులే. వాళ్లమ్మ ఏమో పిల్లకి ఏకాగ్రత లేదని నా దగ్గర మొత్తుకుంటోంది. ఏకాగ్రత బ్రహ్మాండంగా ఉందండీ, ముందే ఖర్చయిపోతోంది.

కోచ్ లేరన్న బెంగ వద్దు. కోనేరు హంపికి మొదట నేర్పింది వాళ్ల నాన్నగారే. 2024లో న్యూయార్క్‌లో ఆవిడ ప్రపంచ ర్యాపిడ్ టైటిల్ గెలిచారు చూడండి, 2019 తర్వాత రెండోసారి, ఆ టోర్నమెంట్‌లో మొదటి రౌండ్ ఓడిపోయారు. మన పిల్లలు మొదటి రౌండ్ పోగానే మధ్యాహ్నం రైలెంతకని అడుగుతారు.

గరివిడి_గడి:

అందరూ కలిసి ఓపెనింగ్‌ని మరీ తీసిపారేస్తున్నారు. నేను కాస్త తేడాగా చెప్తాను, కొట్టకండి.

లండన్ ఆడేవాళ్లలో చాలామంది బిషప్‌ని ఎఫ్-4లో పెట్టి, బంట్లతో పిరమిడ్ కట్టి, ఎదుటివాడు ఏం ఆడుతున్నాడో చూడకుండా ఎనిమిది ఎత్తులు ఒకే వరసలో వేసేస్తారు. నల్లవాడు సీ-5 తోసి క్వీన్‌ని బీ-6కి తెస్తే, బీ-2 బంటు మీద కన్నేశాడని అప్పుడు తెలుస్తుంది. సీ-3 ఆడి ఉంటే క్వీన్‌ని బీ-3కి తెచ్చి ఎదురు పెట్టడం మామూలు జవాబు. ఎందుకో అర్థమైతే అది గుర్తుంటుంది, వరస బట్టీ పడితే వాడు ఒక్క ఎత్తు మార్చగానే పోయిందే. బొబ్బిలిగారి అసలు తలనొప్పి నల్లవాటితో "బుద్ధి పుట్టింది" ఆడటం. తెల్లవాడు రాజు ముందున్న బంటు తోస్తే జవాబుగా కారో-కాన్ లాంటి ఓపెనింగ్ ఒక్కటి పట్టుకుని వదలకండి. ఒకే రకం పొజిషన్లు పదేపదే వస్తేనే కదా పోయినసారి ఓడింది ఈసారి పనికొచ్చేది. రోజుకో ఓపెనింగ్ ఆడితే మొన్నటి ఓటమి నేటికి అక్కరకి రాదు.

మాస్టారూ, మీరు లుసేనా అన్నారు గానీ, 1500 దగ్గర గేములు ఎండ్‌గేమ్ దాకా వెళ్లేవెన్ని? సగం గుర్రాన్ని ఊరికే వదిలేయడంతోనే అయిపోతాయి. పజిల్స్ ముందు, ఎండింగులు తర్వాత, నా లెక్క అది.

రాజాం_మాస్టారు:

గరివిడి బాబూ, గుర్రం ఊరికే పోవడం గురించి నువ్వన్నది నిజమే, పజిల్స్ వద్దని నేననలేదు. కాకపోతే ఆయన అడిగింది గెలవాల్సినవి డ్రా అవుతున్నాయని. ఆయన జబ్బుకి ఆయన మందు. నల్లవాటి సంగతి మాత్రం బాగా చెప్పావు.

ఇంకో మాట, ఆ 1500 చూసుకుని మురిసిపోవడం గానీ బాధపడటం గానీ అనవసరం తమ్ముడూ. అది లిచెస్ లెక్క, ఫిడే (ప్రపంచ చెస్ సమాఖ్య) లెక్క వేరు. 2024 మార్చి నుంచి ఫిడే రేటింగ్ 1400కి తక్కువ ఉండదు, కాబట్టి టోర్నమెంట్‌లో 1400 అని కనబడేవాళ్లందరూ ఒకే బలం అనుకుని కూర్చోవద్దు.

బొబ్బిలి_బంటు:

అందరికీ ధన్యవాదాలు. మద్దెల సామెత గట్టిగానే తగిలింది మాస్టారూ. ఆ పొజిషన్ ఇంట్లో బోర్డు మీద పెట్టి ఇంజిన్‌తో ఆడాను. రాజుని ఈ-4కి తెస్తే నిజంగానే దానంతటదే క్వీన్ అయింది, ఈ-4 తోస్తే ఎన్ని వేషాలేసినా అవట్లేదు. కోర్సు ఆలోచన మానేశాను. గుర్రంగారు చెప్పిన నోట్‌బుక్ మొదలుపెట్టాను, పాత గేములు తిరగేస్తుంటే "ఏం చేయాలో తోచక బంటు తోశాను" అన్నవే ఎక్కువ తగులుతున్నాయి, వాటికేం చదవాలో మళ్లీ అడుగుతాను.

ఒక అనుమానం. ఇదే లెక్క అంచు బంటుకి కూడా పనిచేస్తుందా? ఈ-2 బదులు ఏ-2లో బంటు పెట్టి చూస్తే, రాజు ముందు నడిచినా గెలవలేకపోతున్నాను.

రాజాం_మాస్టారు:

పనిచేయదు. అంచు బంటు అయితే అతని రాజు ఆ మూలకి చేరిందంటే డ్రానే, నీ రాజుకి అవతలి పక్క నడవడానికి గడే లేదు కదా, ఊపిరాడకుండా చేస్తే స్టేల్‌మేట్ (చెక్ లేకుండానే వేయడానికి ఎత్తు లేకపోవడం, అంటే డ్రా) అవుతుంది. అతని రాజు దూరంగా ఉండి మూలకి అందుకోలేకపోతేనే గెలుపు. బిషప్ ఎక్కువ ఉన్నా సరే, ఆ బిషప్ మూల గడి రంగులో నడిచేది కాకపోతే అప్పుడూ డ్రానే. ఏ-8 తెల్ల గడి, ఎచ్-8 నల్ల గడి. ఏనుగులు మార్చుకునే ముందు మిగిలే బంటు ఏ నిలువు వరసలో ఉందో చూసుకో.