పిల్లలు, ఆఫీసు, ఇల్లు... వీటి మధ్య వ్యాయామం ఎప్పుడు చేస్తున్నారు మీరంతా?

ఇద్దరు పిల్లల అమ్మ, విజయనగరం

అందరికీ నమస్తే. నాకు 36 ఏళ్ళు. పాపకి తొమ్మిది, బాబుకి నాలుగు. నెల్లిమర్లలో ఒక ఆఫీసులో పని, రోజూ బండి మీద వెళ్ళి వస్తాను. మా ఆయనది విశాఖలో ఉద్యోగం, పొద్దున్నే ట్రైన్ పట్టుకుంటే రాత్రి ఎనిమిదికి గానీ ఇల్లు చేరరు. అత్తయ్య మాతోనే ఉంటారు, కానీ ఆవిడకి మోకాళ్ళ నొప్పులు, బాబుని కనిపెట్టుకుని కూర్చోగలరు గానీ వాడి వెనక పరిగెత్తలేరు.

పోయిన నెల రక్త పరీక్ష చేయిస్తే పరగడుపు షుగర్ 112 వచ్చింది. బాబు కడుపులో ఉన్నప్పుడు కూడా షుగర్ వచ్చి కాన్పయ్యాక తగ్గిపోయింది, దాంతో ఆ సంగతి ముగిసిందనుకున్నాను. డాక్టరు గారు మందులేమీ రాయలేదు. ఇంకా షుగర్ కాదమ్మా, గుమ్మం దాకా వచ్చింది, మూడు నెలలు మానకుండా నడిచి మళ్ళీ టెస్టు చేయించుకో అన్నారు. మా అమ్మ షుగర్‌తో కాలి వేలు పోగొట్టుకుంది, ఆ కట్టు నేనే విప్పి కట్టేదాన్ని, అందుకే ఆ మాట విన్నప్పటి నుంచి నాకు నిద్ర సరిగా లేదు.

చెయ్యలేదని కాదు. సంక్రాంతి అయ్యాక జిమ్‌లో మూడు నెలలకి డబ్బు కట్టి పదకొండు రోజులు వెళ్ళాను, తర్వాత బాబుకి జ్వరం, ఆ వెనకే పాప పరీక్షలు, ఇక అటు పోలేదు. ఐదింటికి లేచి నడుద్దామంటే పక్కన నేను లేనని బాబుకి ఎలా తెలుస్తుందో, నేను గేటు తీసే లోపే లేచి ఏడుపు. రాత్రి పిల్లలు పడుకున్నాక ఫోన్‌లో వీడియో పెట్టుకుని గెంతితే పన్నెండయినా నిద్ర పట్టదు. సోమ, బుధ, శుక్రవారాలు సాయంత్రం ఆరింటికి పాపని కోట దగ్గర వయొలిన్ క్లాసులో దింపి, మళ్ళీ ఇంటికి వెళ్ళి రావడం దేనికని బండి మీదే కూర్చుని ఏడింటి దాకా ఎదురుచూస్తాను. అంటే రోజులో ఖాళీ అన్నదే లేదు. చిన్నపిల్లలున్నవాళ్ళు, ఉద్యోగాలు చేసేవాళ్ళు నిజంగా ఎలా నెట్టుకొస్తున్నారో చెప్పండి. "మనసుంటే మార్గముంటుంది" లాంటివి మాత్రం వద్దండీ, మనసు ఉంది.

కంటోన్మెంట్ నాన్న

మేడం, మీరు రాసిందాన్లోనే ఖాళీ ఉంది, మీ కంటికి ఆనలేదంతే. వారానికి మూడు రోజులు గంట సేపు బండి మీద కూర్చుంటున్నానన్నారు కదా, ఆ గంటే. నేను మా కవలల్ని ఈతకి తీసుకెళ్ళి రెండేళ్ళు గట్టు మీద ఫోన్ చూస్తూ కూర్చున్నవాణ్ణి, బీపీ వచ్చాక గానీ తెలియలేదు, పిల్లలు ఇంకొకరి చేతిలో భద్రంగా ఉండే సమయం తల్లిదండ్రులకి దొరికేది అదొక్కటేనని. ఇంట్లో ఉన్నంత సేపూ ఎవరో ఒకరు పిలుస్తారు. అక్కడ ఎవరూ పిలవరు.

లెక్క కూడా చెప్తాను. కోట చతురస్రంగా కట్టారు, ఒక్కో వైపు గోడ దాదాపు 240 మీటర్లు. ఆ గోడ పొడుగునా ఈ బురుజు నుంచి ఆ బురుజుకి పోయి వస్తే అర కిలోమీటరుకి కాస్త తక్కువ, కొంచెం చురుగ్గా నడిస్తే ఆరు నిమిషాల పని. పాపని లోపలికి పంపి, చెప్పుల బదులు బూట్లు వేసుకుని, ఏడు సార్లు పోయి వస్తే మూడు కిలోమీటర్లు దాటిపోతుంది, క్లాసు వదిలేసరికి మీరు చెమట తుడుచుకుని గుమ్మం దగ్గర ఉంటారు. బూట్లు బండి డిక్కీలోనే ఉంచండి, ఇంట్లో పెడితే ఇంట్లోనే ఉండిపోతాయి. పైడితల్లి అమ్మవారి సిరిమాను ఉత్సవం జరిగే వారం మాత్రం అటు అడుగు పెట్టే చోటుండదు, ఆ వారానికి వేరే దారి చూసుకోవాలి.

ఎంత వేగం అని అడుగుతారేమో. పక్కవాళ్ళతో మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. అదీ కొలత.

బొబ్బిలి పెద్దమ్మ

ఏటమ్మా, పొద్దున్న లేచింది మొదలు నిలబడే ఉంటున్నావు, అంట్లు, బట్టలు, వంట, పిల్లలు, ఇంకా వ్యాయామం ఏటి? మా రోజుల్లో నూతిలో నీళ్ళు తోడి, రోట్లో చోళ్ళు దంచి, అంబలి తాగి పొలం పోయేవాళ్ళం, మాలో షుగర్ ఎవరికుంది? నిన్ను నువ్వు ఇంత కష్టపెట్టుకోకమ్మా, ముందు కడుపు నిండా తిని నిద్రపో. నీ గురించి బెంగతోనే చెప్తున్నాను.

బలగ అప్ప, ఫిజియోథెరపిస్ట్

పెద్దమ్మగారు చెప్పిన నిద్ర మాట నూటికి నూరు పాళ్ళు నిజం. ఇంటి పని మాట మాత్రం సగమే నిజం. రోట్లో దంచినప్పుడు, నీళ్ళు తోడినప్పుడు ఊపిరి వేగం అయ్యేది, గుండె గట్టిగా కొట్టుకునేది, భుజాలకీ తొడలకీ బలం పడేది. ఇప్పుడు మిక్సీ, మోటారు, గ్యాస్ పొయ్యి. గంటల తరబడి నిలబడితే కాళ్ళు పీకుతాయి గానీ గుండెకి పని పడదు. కింద కూర్చుని గది గదీ గబగబా తుడిచారనుకోండి, ఆయాసం వచ్చిందా, అది లెక్కలోకి వస్తుంది. 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కొత్తగా చెప్పింది కూడా అదే, పెద్దవాళ్ళకి వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఓ మోస్తరు శ్రమ కావాలి, అయితే ఒక్కోసారి కనీసం పది నిమిషాలైనా చెయ్యాలన్న పాత నిబంధన ఇక లేదు. ఐదు నిమిషాలు చేసినా ఆ ఐదూ లెక్కలోకి వస్తాయి.

చెల్లీ, నీకు రెండు విషయాలు విడిగా చెప్పాలి. గర్భంతో ఉన్నప్పుడు షుగర్ వచ్చిన వాళ్ళకి తర్వాత అసలు షుగర్ వచ్చే అవకాశం మిగతావాళ్ళ కంటే బాగా ఎక్కువ, అందుకని మీ డాక్టరు మాట తేలిగ్గా తీసుకోవద్దు, అలాగని భయపడి నిద్ర పోగొట్టుకోవద్దు. పరగడుపు 100 నుంచి 125 మధ్య ఉన్న దశ వెనక్కి తిప్పగలిగిన దశ. 2002లో అమెరికాలో వచ్చిన పెద్ద పరిశోధనలో ఇలా గుమ్మంలో ఉన్నవాళ్ళు వారానికి 150 నిమిషాలు కదలడం, ఒంటి బరువులో ఏడు శాతం తగ్గడం లక్ష్యంగా పెట్టుకుంటే, సుమారు మూడేళ్ళలో షుగర్ బారిన పడే ముప్పు 58 శాతం తగ్గింది. వాళ్ళు ఎక్కువగా చేసింది నడకే.

రెండోది, ఒక్క నడకతో ఆపకు. వారానికి రెండు రోజులు కండకి పని చెప్పాలి, తిన్న చక్కెరని ఎక్కువగా పీల్చుకునేది కండరాలే. కుక్కర్ మూడు కూతలు కూసేలోపు వంటింట్లో కుర్చీ వేసుకుని చేతులు ఆనించకుండా పదిసార్లు కూర్చుని లే, గోడకి రెండు చేతులూ ఆనించి పదిసార్లు ఛాతీని గోడ దగ్గరికి తీసుకెళ్ళి వెనక్కి తోసుకో. ఐదు కిలోల బియ్యం సంచి గుండెలకి హత్తుకుని లేవగలిగిన రోజున నాకు రాయి. అయితే ముందు వెల్లకిలా పడుకుని తల కొంచెం ఎత్తి బొడ్డు దగ్గర వేళ్ళు పెట్టి చూడు, కాన్పులప్పుడు విడిపోయిన పొట్ట కండరాలు ఇంకా కలవకపోతే రెండు వేళ్ళకి మించి సందు తగులుతుంది. అలా సందు తగిలినా, దగ్గినప్పుడు మూత్రం చుక్క పడుతున్నా సరే, గెంతే వీడియోలు ఆపేసి దగ్గర్లో ఫిజియోని కలువు, ఇది సిగ్గుపడాల్సిన సంగతి కాదు, చాలామంది ఏళ్ళ తరబడి ఎవరికీ చెప్పకుండా ఓర్చుకుంటున్నారు. నడిచేటప్పుడు గుండెలో పట్టేసినట్టున్నా, కళ్ళు తిరిగినా వెంటనే ఆపి డాక్టరుకి చూపించుకో.

మనది ఆమదాలవలస దగ్గర ఊరి నుంచి వెళ్ళిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో బరువులెత్తి మన దేశ ఆడవాళ్ళకి మొదటి ఒలింపిక్ పతకం తెచ్చిన నేల. నువ్వు పని చేసే నెల్లిమర్ల పక్కనే కొండవెలగాడలో ఆడపిల్లలు బరువులెత్తడం మామూలు సంగతి. ఆడవాళ్ళకి బరువులేంటని ఎవరైనా అంటే ఈ మాట చెప్పు.

గజపతినగరం నుంచి ఒక భర్త

ఇక్కడ ఎవరూ అడగని మాట ఒకటి అడుగుతాను. ఆదివారం మీ ఆయన ఏం చేస్తారు? రాత్రి ఎనిమిదిన్నరకి?

నేను ఆరేళ్ళ పాటు రోజూ ఐదున్నరకి గ్రౌండ్‌కి వెళ్ళి, నడక అయ్యాక స్నేహితులతో టీ తాగి ఏడింటికి ఇంటికొచ్చేవాణ్ణి. మా ఇంట్లో అందరూ నన్ను చూపించి ఎంత క్రమశిక్షణ అనేవారు. ఆ గంటన్నరలో మా ఆవిడ ఇద్దరు పిల్లల్ని లేపి, పళ్ళు తోమించి, క్యారేజీలు కట్టేది. ఆమెకి థైరాయిడ్, బరువు పెరిగిందని నేనే నాలుగు సార్లు అన్నాను కూడా. ఒకరోజు పెద్దది, రెండో తరగతి, "నాన్నా, అమ్మ ఎప్పుడు వెళ్తుంది గ్రౌండ్‌కి?" అని అడిగింది. జవాబు దొరకలేదు. నా క్రమశిక్షణ అంతా ఆమె టైమ్‌తో కొన్నదేనని ఆ రోజు అర్థమైంది.

ఇప్పుడు సోమ, బుధ, శుక్ర నేను, మంగళ, గురు, శని తను. మొదట్లో ఆమె వెళ్ళిన రోజుల్లో జడలు వెయ్యడం రాక పిల్లలు ఏడ్చారు, నేర్చుకున్నాను. సాయం చేస్తున్నాననుకుంటే రెండు వారాలకే ఆగిపోయేది, అది నా వంతు అనుకున్నాను కాబట్టి సాగుతోంది. మీ ఆయన రోజూ అలసిపోయి వస్తారు, కాదనను. అయినా ఆయన అన్నం తిన్నాక పిల్లల్ని పడుకోబెట్టే ఇరవై నిమిషాలు ఆయనకి అప్పజెప్పి మీరు వీధిలోకి నడవండి. అడగకుండా ఇవ్వరు, ఎందుకంటే ఆయనకి అది తెలియదు, నాకూ తెలియలేదు. మీ షుగర్ రిపోర్టు ఆయన చేతిలో పెట్టి అడగండి.

ఇద్దరు పిల్లల అమ్మ, విజయనగరం (ఆరు వారాల తర్వాత)

మీ అందరికీ ఎలా చెప్పాలో తెలియడం లేదు. కంటోన్మెంట్ అన్నయ్యగారూ, బూట్లు డిక్కీలోనే ఉన్నాయి. మొదటి రోజు నాలుగు సార్లు పోయి వచ్చేసరికే పిక్కలు పట్టేశాయి, ఇప్పుడు ఏడు సార్లు అవుతోంది. మూడో వారంలో క్లాసు దగ్గర కూర్చునే ఇంకో అమ్మ "నేనూ రానా?" అని అడిగింది, అప్పటి నుంచి మాట్లాడుకుంటూ నడుస్తున్నాం, పాడలేం మాత్రం.

అప్పా, నువ్వు చెప్పినట్టు చూసుకుంటే మూడు వేళ్ళు పట్టాయి. ఫిజియోని కలిశాను, ఊపిరి వదులుతూ పొట్ట లోపలికి తీసుకునే కసరత్తు ఇచ్చారు, గెంతడం మానేశాను. కుర్చీ దగ్గర బాబు పక్కన నిలబడి లెక్క పెడతాడు. వాడికి ఏడు తర్వాత తొమ్మిదే వస్తుంది, అందుకని వాడు పది అనేసరికి నాకు ఎప్పుడూ ఒకటి తక్కువే అవుతుంది.

రిపోర్టు ఇచ్చి అడిగితే మా ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "ఇన్నాళ్ళు ఎందుకు చెప్పలేదు" అన్నారు. రాత్రి తిన్నాక ఇరవై నిమిషాలు నాది. రెండు వారాలు బాబు "అమ్మే పడుకోబెట్టాలి" అని గేటు దాకా వచ్చి ఏడ్చాడు, ఆ ఏడుపు వింటూ నడవడం చాలా కష్టమైంది, వీధి మలుపు దగ్గర నుంచి రెండుసార్లు తిరిగొచ్చేశాను కూడా. ఇప్పుడు వాళ్ళ నాన్న చెప్పే ఏనుగు కథ కోసం నన్ను వాడే బయటికి తోస్తున్నాడు.

మధ్యలో అత్తయ్యకి ఒంట్లో బాగోలేక తొమ్మిది రోజులు ఏమీ చెయ్యలేదు. ఇదివరకైతే అక్కడితో ఆగిపోయేదాన్ని. ఈసారి పదో రోజు సోమవారం కావడంతో క్లాసు ఎలాగూ ఉంది, బూట్లు ఎలాగూ బండిలో ఉన్నాయి, నడిచేశాను. టెస్టుకి ఇంకా ఆరు వారాలుంది.

ఒక్క సందేహం మిగిలింది. వానలు మొదలయ్యాయి, మొన్న బుధవారం మధ్యలో తడిసిపోయాం. వాన పడే సాయంత్రాలు కోట చుట్టుపక్కల కాస్త నీడపట్టున నడిచే చోటు ఎవరికైనా తెలుసా?

కంటోన్మెంట్ నాన్న

వాన రోజుల్లో మేడ మెట్లు మేడం. క్లాసు జరిగే చోట మెట్లుంటే మాస్టారిని ఒక మాట అడగండి, పది నిమిషాలు ఎక్కి దిగితే సరిపోతుంది. దిగేటప్పుడు రెయిలింగ్ పట్టుకోండి, తడి బూట్లు జారతాయి.