కిల్ట్ కట్టుకుంటారా, వేసుకుంటారా?

ప్రశ్న: పిల్లల పత్రికకు స్కాట్లండ్ సైనికుడు బిల్ మిలిన్ గురించి రాస్తున్నాను. 1944 జూన్ 6న, రెండో ప్రపంచ యుద్ధంలో, ఫ్రాన్స్‌లోని నార్మండీ తీరాన, సోర్డ్ బీచ్ దగ్గర తూటాల మధ్య బ్యాగ్‌పైప్ (తిత్తితో ఊదే వాద్యం) వాయించిన మనిషి. మొదటి ప్రపంచ యుద్ధంలో బెల్జియం వైపు ఫ్లాండర్స్‌లో వాళ్ళ నాన్న ఒంటిమీదున్న కిల్ట్‌తోనే (స్కాట్లండ్ మగవాళ్ళు నడుముకు చుట్టుకునే గళ్ళ గుడ్డ) ఈయనా ఆ తీరాన దిగాడు. "తండ్రి కిల్టును ధరించి" అని రాస్తే పౌరాణిక నాటకంలా ఉంది. ఏమనమంటారు?

– "వేసుకుని" అనండి. కుట్టనిది కడతాం, కుట్టింది వేసుకుంటాం.

– అంత సులువు కాదండీ. లంగా కుట్టిందే, అయినా కట్టుకుంటామనే అంటాం, బొందు ముడేస్తాం కాబట్టి. కిల్ట్ కూడా అంతే. ఏడెనిమిది గజాల ఉన్ని గుడ్డ. వెనకంతా కుచ్చిళ్ళు పెట్టి కుట్టేస్తారు, ముందు రెండు కొసలూ సాదాగా ఒకదానిమీదికొకటి వస్తాయి. నడుము చుట్టూ తిప్పి పక్కన తోలు పట్టీలు బిగిస్తారు. కాళ్ళు దూర్చే పని లేదు. చుట్టి బిగించేదాన్ని కట్టడమే అంటాం. పాతకాలం కిల్ట్‌కైతే కుట్టే లేదు. పొడుగాటి గుడ్డకు కుచ్చిళ్ళు పోసి, బెల్టు బిగించి, మిగిలింది భుజంమీద వేసుకునేవాళ్ళు. "పావడా" అని మాత్రం రాయకండి, పిల్లలు నవ్వుతారు!

– నాదీ "కట్టుకుని" పక్షమే. అది ఏ గళ్ళదో కూడా చెప్పండి. మిలిన్‌ది కామెరాన్ అనే వంశం పేరుతో ఉన్న గళ్ళు. 1746 నాటి బ్రిటిష్ చట్టం స్కాట్లండ్‌లో మగవాళ్ళకు ఈ దుస్తులు నిషేధించినా సైన్యానికి మినహాయింపు ఇచ్చింది. 1782లో ఎత్తేసేదాకా పటాలాల్లోనే బతికింది. అందుకే అక్కడ కిల్ట్ అంటే ఇంటి బట్టే కాదు, పటాలం బట్ట కూడా.

ప్రశ్న: బాగుంది. "తండ్రి సైనిక సేవకు గౌరవసూచకంగా" అని కలపనా?

– వద్దండీ, సన్మానపత్రం వాసన. పైగా ఆయన మనసులో ఏముందో మనమెలా చెప్తాం? "నాన్న ఫ్లాండర్స్‌లో కట్టిన కామెరాన్ గళ్ళ కిల్టే కట్టుకుని దిగాడు" అనండి. "కిల్టే"లో ఆ ఏత్వం చాలు.

ప్రశ్న: ఇంకొక్కటి. తుపాకీ లేదు, మేజోడులో చిన్న కత్తి "ఉంచుకున్నాడు" అని రాశాను.

– "దోపుకున్నాడు".