రియాక్ట్, యాంగ్యులర్, వ్యూ మూడింటికీ ఒకే డేట్ పికర్: రియాక్ట్‌లో అర్రే నల్ అవుతోంది, చేంజ్ ఈవెంట్ బయటికి రావట్లేదు

మూడుగుమ్మాలు (ప్రశ్న)

మూడు యాప్‌లున్నాయి, ఒక్కోటి ఒక్కో జావాస్క్రిప్ట్ ఫ్రేమ్‌వర్క్‌లో: రియాక్ట్ 18, యాంగ్యులర్, వ్యూ 3. బటన్, ఇన్‌పుట్, డేట్ పికర్ (తేదీ ఎంచుకునే క్యాలెండర్), మోడల్ (పేజీ మీద తెరుచుకునే పాప్-అప్), టేబుల్ లాంటివన్నీ మూడు చోట్లా విడివిడిగా రాసి ఉన్నాయి. వీటిని లిట్ అనే లైబ్రరీతో వెబ్ కాంపోనెంట్లుగా (ఏ ఫ్రేమ్‌వర్క్‌లోనైనా వాడుకోగల సొంత హెచ్‌టీఎంఎల్ ట్యాగులుగా) ఒక్కసారే రాసి, ఎన్‌పీఎం ప్యాకేజీగా పంచాలని డేట్ పికర్‌తో మొదలుపెట్టాం. ఇప్పటికి రెండు చిక్కులు.

ఎంచుకోకూడని తేదీలను స్ట్రింగుల అర్రేగా (జాబితాగా) పంపుతున్నాం. వ్యూలో సరిగ్గా అందుతోంది, రియాక్ట్‌లో మాత్రం లోపల నల్ (ఖాళీ విలువ) కనిపిస్తోంది. ప్రాపర్టీ టైప్ అర్రే అనే ఇచ్చాం.

రెండోది, లోపలి ఇన్‌పుట్ నుంచి చేంజ్ ఈవెంట్ ఏ యాప్‌లోనూ బయటికి రావట్లేదు. ఇన్‌పుట్ ఈవెంట్ మాత్రం వస్తోంది! ఇంకో మాట: మాకున్న మొత్తం 25 కాంపోనెంట్లనీ ఇలాగే మార్చడం సరైన దారేనా?

నీడచెట్టు

మొదటిది రియాక్ట్ 18 స్వభావం. కస్టమ్ ఎలిమెంట్‌కి (మీ సొంత ట్యాగ్‌కి) ఏం ఇచ్చినా అది యాట్రిబ్యూట్‌గానే, అంటే ట్యాగ్‌లో రాసే స్ట్రింగ్‌గానే రాస్తుంది. మీ అర్రే కామాలతో అతికిన స్ట్రింగ్ అయిపోతుంది. లిట్ దాన్ని జేసన్‌గా పార్స్ చేయబోయి, కుదరక నల్ పెడుతుంది, ఎర్రర్ కూడా చూపించదు. వ్యూ అయితే ఆ పేరుతో ఎలిమెంట్ మీద ప్రాపర్టీ (జావాస్క్రిప్ట్‌లో ఆ ఎలిమెంట్‌కి ఉండే విలువ) ఉందా అని ముందు చూసి, ఉంటే నేరుగా ప్రాపర్టీకే ఇస్తుంది. రియాక్ట్ 19 కూడా ఇప్పుడు అదే చేస్తోంది. 18లోనే ఉండాలంటే లిట్ వాళ్ల రియాక్ట్ ప్యాకేజీలోని క్రియేట్‌కాంపోనెంట్‌తో ఒక రాపర్ (మీ ట్యాగ్‌ని చుట్టే రియాక్ట్ కాంపోనెంట్) చేయండి. రియాక్ట్ మాడ్యూల్, ట్యాగ్ పేరు, క్లాస్, ఈవెంట్ల జాబితా ఇస్తే చాలు. అర్రేలు, ఆబ్జెక్టులు తీసుకునే ప్రాపర్టీలన్నిటికీ యాట్రిబ్యూట్ ఆప్షన్ ఫాల్స్ పెట్టేయండి, అప్పుడు ఎవరూ పొరపాటున కూడా స్ట్రింగ్‌గా పంపలేరు.

ఇదే గోతిలో ఇంకొకటి ఉంది, దొరకబుచ్చుకోవడం కష్టం. డిసేబుల్డ్‌కి ఫాల్స్ ఇచ్చినా రియాక్ట్ 18 దాన్ని అక్షరాలా "ఫాల్స్" అని యాట్రిబ్యూట్‌లో రాస్తుంది. లిట్ బూలియన్‌కి విలువతో పనిలేదు, యాట్రిబ్యూట్ ఉంటే ట్రూ. బటన్ ఎందుకు నొక్కుడుపడట్లేదో అర్థంకాక పూట గడిచిపోతుంది.

ఇక ఈవెంట్ సంగతి. బ్రౌజర్ ఇచ్చే ఇన్‌పుట్ ఈవెంట్ కంపోజ్డ్, అందుకే షాడో రూట్ (కాంపోనెంట్ లోపలి భాగాన్ని పేజీ నుంచి వేరుచేసే గోడ లాంటిది) దాటుతుంది. చేంజ్ కంపోజ్డ్ కాదు, అక్కడే ఆగిపోతుంది. లోపల దాన్ని పట్టుకుని, హోస్ట్ ఎలిమెంట్ (పేజీలో కనిపించే మీ ట్యాగ్) మీద మీ సొంత కస్టమ్ ఈవెంట్ పంపండి. బబుల్స్ (పై ఎలిమెంట్లకి పాకడం), కంపోజ్డ్ రెండూ ట్రూ. దానికి చేంజ్ అని కాకుండా వేరే పేరు పెట్టండి, అన్నీ చిన్న అక్షరాల్లో.

గీతలపలక

స్టైళ్ల గురించి ఎవరూ అనలేదు కాబట్టి చెబుతున్నా. బయటి సీఎస్ఎస్, టెయిల్‌విండ్ (రెడీమేడ్ సీఎస్ఎస్ ఫ్రేమ్‌వర్క్) క్లాసులు షాడో రూట్ లోపలికి రావు. సీఎస్ఎస్ వేరియబుల్స్ వస్తాయి. కాబట్టి రంగులు, అంతరాలు, ఫాంట్ పేర్లు వేరియబుల్స్‌గా ముందు విడి ప్యాకేజీలో పెట్టండి. మరీ అవసరమైన చోట, బయటి నుంచి స్టైల్ చేయనిచ్చే పార్ట్ యాట్రిబ్యూట్ ఇవ్వండి. కానీ ఒకసారి ఇచ్చిన పార్ట్ పేరు మీ ఏపీఐలో భాగమే, మారిస్తే మేజర్ వెర్షన్ పెంచాల్సిందే.

రెమ్ యూనిట్లతో జాగ్రత్త. అది షాడో రూట్‌ని కాదు, పేజీ రూట్‌ని చూస్తుంది. ఒక యాప్‌లో రూట్ ఫాంట్ సైజ్ 62.5 శాతం పెట్టి ఉంటే 1 రెమ్ అని రాసిన, మామూలుగా 16 పిక్సెళ్లుండే అక్షరం అక్కడ 10 పిక్సెళ్లవుతుంది. ఫాంట్‌ని తెచ్చే ఫాంట్‌ఫేస్ నియమం షాడో రూట్ లోపల రాస్తే పనిచేయదు, పేజీ స్థాయిలోనే ఉండాలి.

ఫారమ్‌లో వాడే ప్రతిదానికీ స్టాటిక్ ఫారమ్‌అసోసియేటెడ్ ట్రూ పెట్టి, అటాచ్‌ఇంటర్నల్స్ పిలిచి, విలువ మారినప్పుడల్లా సెట్‌ఫారమ్‌వాల్యూ చేయాలి. లేకపోతే సబ్మిట్‌లో ఆ విలువే ఉండదు. సఫారీలో ఇది 16.4 నుంచి ఉంది. యాంగ్యులర్ రియాక్టివ్ ఫారమ్స్‌కి ఇదీ చాలదు, కంట్రోల్‌వాల్యూయాక్సెసర్ (ఫారమ్‌కీ ఎలిమెంట్‌కీ మధ్య విలువ చేరవేసేది) ఉన్న చిన్న డైరెక్టివ్ అక్కడ రాయక తప్పదు.

తిరగలి

25 కాంపోనెంట్లూ మార్చడం నాకైతే సమ్మతం కాదు. బటన్, బ్యాడ్జ్, ఇన్‌పుట్, డేట్ పికర్ సరే. టేబుల్ వద్దు. ప్రతి సెల్‌లో ఏం గీయాలో యాప్ చెప్పాలి, ఆ గీసేది రియాక్ట్‌లో ఒకలా, వ్యూలో ఒకలా ఉంటుంది. దాన్ని స్లాట్లతో (యాప్ తన సరుకు పెట్టుకునే ఖాళీలతో) నెట్టుకొస్తే వెయ్యి వరుసలకి వెయ్యి స్లాట్లు పుట్టుకొస్తాయి. సార్టింగ్, ఫిల్టరింగ్, పేజీల లెక్క మాత్రం ఏ ఫ్రేమ్‌వర్క్ అంటని మామూలు టైప్‌స్క్రిప్ట్‌లో ఉంచి, గీసే పని ఎవరి యాప్‌లో వారికి వదిలేయండి. ట్యాన్‌స్టాక్ టేబుల్ అనే లైబ్రరీ చేసేది ఇదే: ఒక కోర్, చుట్టూ పలచటి అడాప్టర్లు.

మూడుగుమ్మాలు

రాపర్‌తో రియాక్ట్ దారికొచ్చింది, ఈవెంట్ కూడా వస్తోంది. టేబుల్ పక్కన పెట్టేస్తాం. కానీ ఇప్పుడు వ్యూలో అదే అర్రేకి పుష్ చేస్తే క్యాలెండర్ మారట్లేదు. కన్సోల్‌లో కాంపోనెంట్ రిజాల్వ్ కాలేదన్న హెచ్చరిక కూడా వస్తోంది. యాంగ్యులర్‌లో అయితే ఏకంగా బిల్డే ఆగిపోతోంది, తెలియని ఎలిమెంట్ అని.

నీడచెట్టు

పుష్ చేస్తే అర్రే అదే, లోపలి సరుకే మారింది. లిట్ పాత విలువా కొత్త విలువా ఒకటేనా అని మాత్రమే పోలుస్తుంది, కాబట్టి మళ్లీ గీయదు. స్ప్రెడ్‌తో (మూడు చుక్కల సింటాక్స్) కొత్త అర్రే చేసి ఇవ్వండి. యాంగ్యులర్‌లోనూ ఇంతే.

హెచ్చరికకి: వీట్ అనే బిల్డ్ టూల్‌లోని వ్యూ ప్లగిన్‌లో టెంప్లేట్ కింద కంపైలర్‌ఆప్షన్స్, అందులో ఈజ్‌కస్టమ్‌ఎలిమెంట్ ఫంక్షన్. మీ ప్రిఫిక్స్‌తో మొదలయ్యే ట్యాగులకి అది ట్రూ ఇవ్వాలి. యాంగ్యులర్‌లో ఆ కాంపోనెంట్ స్కీమాల్లో కస్టమ్ ఎలిమెంట్స్ స్కీమా చేర్చండి. అయితే అది చేర్చాక గీత (హైఫన్) ఉన్న ట్యాగుల పేర్లలో అక్షరదోషాలు కూడా బిల్డ్‌లో పట్టుబడవు. అందుకని మొత్తం మాడ్యూల్‌కి కాకుండా అవసరమైన కాంపోనెంట్లకే ఇవ్వడం మేలు.

తిరగలి

ఈ యాప్‌లు ఎప్పుడైనా ఒకే పేజీలో కలిసి నడుస్తాయా? నడిస్తే, ఒకే ట్యాగ్‌ని రెండోసారి డిఫైన్ చేయగానే నాట్‌సపోర్టెడ్ ఎర్రర్ వస్తుంది. ముందే ఉందా అని గెట్‌తో చూసి దాటేయడం అందరూ చేసే పని. ఎర్రర్ పోతుంది, కానీ ముందు లోడైన పాత వెర్షనే రాజ్యమేలుతుంది, కొత్త ప్రాపర్టీ ఎందుకు పనిచేయట్లేదో అంతుబట్టదు. ట్యాగ్ పేరులోనే మేజర్ వెర్షన్ అంకె పెట్టండి. క్లాస్ ఒక ఫైల్‌లో, డిఫైన్ చేసే లైన్ వేరే ఫైల్‌లో ఉంటే ఏ పేరుతో రిజిస్టర్ చేయాలో యాపే నిర్ణయించుకోవచ్చు.