పచ్చి ఆహారం: కడుపు నిండుతోంది, బరువు పడిపోతోంది. కేలరీలు ఎలా పెంచుకోవాలి?

మియాపూర్ మొలక:
అందరికీ నమస్కారం. నాకు 31 ఏళ్ళు, ఎత్తు 5 అడుగుల 3 అంగుళాలు. రోజంతా కూర్చుని చేసే ఉద్యోగం. మూడు నెలల కింద వండినవన్నీ మానేసి పూర్తిగా పచ్చివే తినడం మొదలుపెట్టాను. మొదటి నెల హాయిగానే ఉంది. గ్యాస్ పోయింది, తలనొప్పి పోయింది. కానీ 52 కిలోలు ఉండేదాన్ని 45.5కి వచ్చేశాను. నాకసలు తగ్గాలనే లేదు. మధ్యాహ్నం మూడయ్యేసరికి కళ్ళు తిరుగుతాయి. ఆఫీసులో అందరూ మామూలుగా ఉంటే నేనొక్కదాన్నే శాలువా కప్పుకుని కూర్చుంటున్నా. రెండు నెలలుగా నెలసరి రాలేదు. నాకిది నేర్పినావిడేమో "ఒంట్లో చెత్త బయటికి పోతోంది, ఓపిక పట్టు" అంటున్నారు.

రోజూ తినేది ఇదీ: పొద్దున క్యారెట్, సొరకాయ జ్యూస్ పెద్ద గ్లాసు. తొమ్మిదింటికి పెసర మొలకలు, 40 గ్రాముల పెసలు నానేస్తాను. మధ్యాహ్నం ప్లేటు నిండా బొప్పాయి, ఒక జామకాయ. సాయంత్రం కొబ్బరినీళ్ళు. రాత్రికి కీరా, టమాటా, క్యారెట్ ముక్కలు, రెండు అరటిపళ్ళు, అయిదు బాదంపప్పులు, మూడు ఖర్జూరాలు.

ఆకలనేదే ఉండదు. మరి తేడా ఎక్కడ కొడుతోంది?

బందరు బాబాయ్:
రెండు ముద్దలు పప్పన్నం తిను తల్లీ, అన్నీ సర్దుకుంటాయి.

మియాపూర్ మొలక:
బాబాయ్ గారూ, ఆ మాట మా అత్తగారు పూటకోసారి అంటూనే ఉన్నారు.

కోనసీమ కొబ్బరాకు:
చెల్లీ, నేనూ ఈ దారిలో రెండేళ్ళు నడిచినదాన్నే. నువ్వు రాసిందంతా కాగితం మీద పెట్టి లెక్కేశాను. జ్యూస్ 80, మొలకలు 135, బొప్పాయి, జామ కలిపి 190, కొబ్బరినీళ్ళు 50, రాత్రి ముక్కలు 80, అరటిపళ్ళు 200, బాదం 35, ఖర్జూరాలు 70. మొత్తం 840. పండు సైజును బట్టి కాస్త అటూ ఇటూ అవుతుందనుకో. కూర్చుని పనిచేసే 55 కిలోల ఆడమనిషికి రోజుకి 1660 కేలరీలు కావాలని 2020లో హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ వాళ్ళు చెప్పారు. నువ్వు తింటున్నది అందులో సగం. ఒంట్లో చెత్త పోవడం కాదమ్మా, ఒళ్ళే పోతోంది.

ఆకలి ఎందుకు లేదంటావా? నీ ప్లేటులో ఉన్నది చాలామటుకు నీళ్ళు, పీచు. కడుపు సంచీ నిండితే చాలు, ఆకలి నోరు మూసుకుంటుంది. పుచ్చకాయతోనే ఆ 1660 తెచ్చుకోవాలంటే ముక్కలే అయిదున్నర కిలోలు తినాలి. ఎవరి వల్ల అవుతుంది?

మొలకల దగ్గర కూడా చాలామంది బోల్తా పడతారు, నేనూ పడ్డాను. 40 గ్రాముల పెసలు నానేసి మూట కడితే గిన్నె నిండుతుంది, చూడ్డానికి ఎంతో తిన్నట్టుంటుంది. పెరిగిన బరువంతా నీళ్ళే. మొలకెత్తితే కొన్ని విటమిన్లు పెరుగుతాయి గానీ కేలరీలు ఎక్కణ్ణించి పుడతాయి? పైగా పచ్చి గింజలో పిండిపదార్థం బిగుసుకుని ఉంటుంది. వేడీ తేమా తగిలి ఉబ్బితేనే మన అరుగుదలకి బాగా చిక్కుతుంది. అంటే కాగితం మీద 135 అని రాసినా ఒంటికి పట్టేది అంతకంటే తక్కువే.

పచ్చిది మనకేం కొత్త కాదు. శ్రీరామనవమికి వడపప్పు, పానకం, పచ్చి చలిమిడి తింటూనే ఉన్నాం. కానీ చలిమిడిలో బెల్లం, కొబ్బరి, నెయ్యి వేస్తారు చూశావా? ఉత్తి తడి పిండి ఎవరూ పెట్టరు. నీ తిండిలో లేనిది అదే, కొవ్వు. గ్రాము కొవ్వుకి 9 కేలరీలు, పిండికీ మాంసకృత్తులకీ 4 చొప్పున. పచ్చివే తింటానంటే కొబ్బరి, వేరుశనగ గుళ్ళు, నువ్వులు లేకుండా లెక్క కుదరదు.

ఉన్నవాటికి ఇవి కలుపు. లేత ముదురుగా ఉన్న కొబ్బరి 80 గ్రాములు, అంటే 300. గుళ్ళు 40 గ్రాములు నానేసి తిను, 210. నువ్వులు 25 గ్రాములు, ఖర్జూరాలు అయిదు కలిపి రెండు ఉండలు చేసుకో, 250. ఇంకో అరటిపండు 100. మొత్తం 1700 అవుతుంది. గిన్నె సైజు మాత్రం పెరగదు. ఇంకో మాట, జ్యూస్ ముందు తాగితే ఆకలి చచ్చిపోతుంది. కొబ్బరి, గుళ్ళు ముందు తిను, నీళ్ళ సరుకు తర్వాత.

గుళ్ళు రాత్రి నానేసి పొద్దున ఆ నీళ్ళు పారబోయి. పొట్టు దానంతటదే జారుతుంది. ముడుచుకుపోయినవీ నల్లబడ్డవీ బూజు వాసన వచ్చేవీ ఏరి పారెయ్యి, మొహమాటపడకు. ఆ బూజులో విషం ఉంటుంది, కడిగితే పోదు. పడకపోతే పది గింజలతో మొదలుపెట్టి వారంలో పెంచుకో. ఒక్కసారిగా తింటే పోయిన గ్యాస్ మళ్ళీ వస్తుంది.

వార్డు డైటీషియన్:
పై లెక్క సరిగ్గానే ఉంది. నేను నెలసరి సంగతి దగ్గర ఆగుతాను. అది "చెత్త పోవడం" కానే కాదు. తిండి చాలనప్పుడు శరీరం ముందు మూసేసే దుకాణం అదే. జర్మనీలో పచ్చి ఆహారం తినే అయిదు వందల మందికి పైగా అడిగి చేసిన సర్వే 1999లో వచ్చింది. అందులో 45 ఏళ్ళలోపు ఆడవాళ్ళలో సుమారు 30 శాతం మందికి నెలసరి తప్పడమో పూర్తిగా ఆగిపోవడమో కనిపించింది. ఇలాగే సాగితే ఎముకలు కూడా పల్చబడతాయి.

ముందు గర్భపరీక్ష చేసుకోండి. ఆ తర్వాత గైనకాలజిస్టుని కలవండి, థైరాయిడ్, హిమోగ్లోబిన్, బి12 విటమిన్ చూపించుకోండి. పాలు, పెరుగు కూడా మానేసి ఉంటే బి12 మాత్ర వేసుకోక తప్పదు, మొలకల్లో అది దొరకదు. మీ ఎత్తుకి 45.5 కిలోలంటే బీఎంఐ (ఎత్తుకి తగ్గ బరువు ఉందో లేదో చెప్పే లెక్క) 17.8, అది 18.5 కంటే తగ్గకూడదు. కాబట్టి బరువు తిరిగొచ్చేదాకా ఒక పూటైనా వండినది తినమంటాను. నూటికి నూరు పచ్చివే అన్న పట్టుదల వల్ల మీకొచ్చే లాభమేమీ నాకు కనిపించడం లేదు.

కేలరీల కోసం ఏది పడితే అది పచ్చిగా తినకండి. రాజ్మా మొలకెత్తినా సరే ఉడకాల్సిందే, లేకపోతే వాంతులు పట్టుకుంటాయి. కర్రపెండలం పచ్చిగా అసలు ముట్టుకోవద్దు. సొరకాయ ముక్క కొరికి చూడండి, చేదుగా ఉంటే జ్యూస్ పారబోయండి, ఆ చేదు ప్రాణం మీదికి తెస్తుంది. మొలకల తడి వెచ్చదనం మనకంటే సూక్ష్మజీవులకి బాగా నచ్చుతుంది. 2011లో జర్మనీలో మెంతి మొలకల వల్ల యాభై మందికి పైగా చనిపోయారు. గర్భం ఉందేమో తేలేదాకా మొలకలు ఆవిరి పట్టకుండా తినొద్దు.

నల్గొండ అన్న:
మేడం, షుగర్ ఉన్నోళ్ళు గీ ఖర్జూరం ఉండలు తినొచ్చా?

వార్డు డైటీషియన్:
మాత్రలో ఇన్సులినో వాడుతుంటే మీ డాక్టర్ని అడక్కుండా వద్దు అన్నా. కొబ్బరి, పల్లీల సంగతి వేరు, ఖర్జూరం అంటే చక్కెరే.

మియాపూర్ మొలక (నెల తర్వాత):
అందరికీ థాంక్స్. గర్భం కాదు. బి12 బాగా తక్కువుంది, మందు రాశారు. నెలసరి ఇంకా రాలేదు, మళ్ళీ రమ్మన్నారు. రాత్రి పూట అన్నం, పప్పు, నెయ్యి తింటున్నా (బాబాయ్ గారూ, గెలిచారు). పగలు కొబ్బరి, పల్లీలు, ఉండలు. 46.8కి వచ్చాను. మూడింటికి కళ్ళు తిరగడం ఆగింది. ఒకటే సమస్య, నువ్వుల ఉండ చేదొస్తోంది. పైగా ఖర్జూరం మిక్సీ బ్లేడు కింద ఇరుక్కుని తిరగడం లేదు.

కోనసీమ కొబ్బరాకు:
పొట్టు తీసిన తెల్ల నువ్వులు తెచ్చుకో, చేదంతా పొట్టులోనే ఉంది. చిన్న జారులో ముందు నువ్వులొక్కటే ఆపి ఆపి తిప్పు. ఒకేసారి తిప్పితే నూనె వదిలి ముద్దవుతుంది. ఖర్జూరం మిక్సీలో వెయ్యకు. గింజ తీసి చేత్తో చిదిమి, ఆ పొడిలో చిటికెడు ఉప్పు, యాలకుల పొడి వేసి పిసుకు. చేతికి అంటుకుంటుంటే ఇంకో చెంచా కొబ్బరి కోరు కలుపు. కొబ్బరి కలిపితే మాత్రం ఆ రోజే తినెయ్యాలి.