చిన్న కాటమరాన్‌కి ప్లైవుడ్ డెక్, హ్యాచ్ మూత: ట్యూబుతో కొడితే దిగని నీళ్లు ఏట్లో ఎలా దిగాయి?

కాకినాడ తెరచాప:
నమస్కారం అండి. ఇంటి వెనక షెడ్డులో 16 అడుగుల కాటమరాన్ (రెండు దోనెలు జోడించిన తెరచాప పడవ) కట్టుకుంటున్నాను, రెండు దోనెలూ 6 ఎంఎం ప్లైతో అయిపోయాయి, బయట గ్లాస్ గుడ్డ పరిచి ఎపాక్సీ (రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే జిగురు) కూడా కొట్టేశాను. ఒక దోనెకి డెక్ (పైకప్పు పలక) తాత్కాలికంగా బిగించి, లైఫ్ జాకెట్లూ లంగరు తాడూ లోపల పెట్టుకోడానికి అందులో హ్యాచ్, అంటే చెయ్యి దూరేంత కంత, కోసి మూత చేశా. ట్యూబు పెట్టి పావుగంట నీళ్లు కొడితే చుక్క దిగలేదు, ఎంత సంతోషమేసిందో చెప్పలేను. ఆదివారం మధ్యాహ్నమంతా ఎండలో ఉంచి సాయంత్రం ఉప్పుటేరులో దింపాం, పక్కనుంచి బోట్లు పోతుంటే డెక్ మీదకి కాస్త నీళ్లు తుళ్లాయంతే, గంట తర్వాత మూత తీస్తే లోపల మగ్గుడు నీళ్లు. అడుగున ఎక్కడా కారట్లేదు, బాగా వెతికాను. మూత కింద రబ్బరు మాత్రం తడిసి ఉంది. ఇంకో రెండు సందేహాలు. డెక్‌కి 9 ఎంఎం వెయ్యమంటున్నారు షాపులో, 6 చాలదా? దోనెల మధ్యలో కూడా ప్లై షీటే పరిచేద్దామా, కూర్చోడానికి బాగుంటుంది కదా అని.

వడ్రంగి మనవడు:
మూత తీసేటప్పుడు ఉస్సుమని శబ్దం వచ్చిందా అండి? వచ్చి ఉంటే మీ మూతలో తప్పేం లేదు, దోనె గాలి పీల్చుకుంది. లెక్క చూడండి, దోనెలో ఓ 600 లీటర్ల గాలి ఉందనుకుందాం, ఎండకి 50 డిగ్రీలు ఎక్కింది, నీళ్లలో పెట్టగానే 30కి దిగింది, అంటే దాదాపు 37 లీటర్ల గాలి తగ్గినట్టు. ఆ లోటు పూడ్చుకోడానికి ఎక్కడ సందు దొరికితే అక్కడ్నుంచి లాగుతుంది, మూత చుట్టూ నీళ్లుంటే గాలితో పాటు నీళ్లూ వస్తాయి. ట్యూబుతో కొట్టినప్పుడు లోపలా బయటా ఒకటే ఒత్తిడి కాబట్టి మీకు తెలీలేదు. వెనక చివర అడ్డుపలకకి, డెక్‌కి కాస్త కిందగా 2 ఎంఎం కన్నం ఒకటి వెయ్యండి చాలు. ఫ్యాక్టరీలో చేసే లేజర్ అనే చిన్న తెరచాప పడవకి కూడా ఇలాంటి గాలి కన్నం ఉంటుంది. ఎండలో ఉన్నంతసేపూ మూత తీసి ఉంచి, దింపే ముందు మూసుకోండి.
మూత సంగతికొస్తే, హ్యాచ్ కన్నం చుట్టూ కనీసం 40 ఎంఎం ఎత్తు గట్టు కట్టండి, మూత అంచులు ఆ గట్టు బయటికి దిగాలి, రబ్బరు గట్టు పైఅంచు మీద కూర్చోవాలి. మెత్తటి ఈపీడీఎం (ఎండావానకి తట్టుకునే రకం) స్పాంజి రబ్బరు తీసుకోండి, గట్టిది అయితే మూలల్లో నొక్కుకోదు. క్లిప్పులు నాలుగు వైపులా పెట్టండి, ఒకవైపే లాగితే అవతలి వైపు లేస్తుంది.

గోదారి గట్టు:
డెక్‌కి 6 చాలండి, కింద అడుగుకొక అడ్డకర్ర ఇచ్చి, మధ్యలో కాస్త గూనులా ఎత్తు ఇస్తే నీళ్లు నిలవ్వు, మనిషి నిలబడినా ఊగదు. గర్జన్ ప్లై 8x4 షీటు 6 ఎంఎం అయితే పన్నెండు పదమూడు కేజీలు, 9 అంటే పద్దెనిమిది దాటుద్ది, ఆ బరువంతా పైన పడేది. ఐఎస్ 710 (పడవలకి వాడే ప్లైకి మన దేశపు ప్రమాణం) ముద్ర చూసి కొనండి, అయినా కోసిన అంచు దగ్గరికి తీసుకెళ్లి చూడండి, పొరల మధ్య ఖాళీలుంటే వదిలెయ్యండి. ఆ ప్రమాణంలో 72 గంటలు ఉడకబెట్టే పరీక్ష ఉంది, ఇంట్లో చిన్న ముక్క ఓ రోజు ఉడకబెట్టినా పొరలు విడతాయో లేదో తెలిసిపోద్ది.
నా మొదటి పడవ డెక్ రెండేళ్లకే స్క్రూల చుట్టూ నల్లగా మెత్తబడిపోయింది, వేలితో నొక్కితే పొడైపోయేది. ప్లై కుళ్లేది అంచుల్లోనూ కన్నాల్లోనూ, పైన ఎంత రంగేసినా లాభం లేదు. అందుకే స్క్రూ కన్నం పెద్దది వేసి, చిక్కటి ఎపాక్సీ నింపి, గట్టిపడ్డాక దాన్లో మళ్లీ సన్నగా కన్నం వేసి స్క్రూ దించండి. అంచులకి ఎపాక్సీ కోటు మూడుసార్లు, డెక్ అడుగువైపు కూడా బిగించక ముందే మూడుసార్లు, తర్వాత చెయ్యి పట్టదు. కోటు సాయంత్రం వెయ్యండి, పొద్దున వేస్తే ఎండెక్కే కొద్దీ చెక్కలో గాలి పొంగి బుడగలొస్తాయి. మన ఉక్కకి ఆరాక పైన జిడ్డుగా ఒక పొర కడుతుంది, మంచినీళ్లతో రుద్ది కడిగి అప్పుడు ఎమరీ పట్టండి, లేకపోతే తర్వాతి కోటు పట్టదు.

తెప్పల వీధి:
మధ్యలో షీటు మాత్రం వద్దండి బాబూ. కింద నుంచి అల కొట్టిందంటే రెండు దోనెల్నీ కలిపే బీములు ఊడొచ్చేంత దెబ్బ, గాలికి అదే తెరచాపలా లేస్తుంది. వేలు పట్టేంత సందిచ్చి రీపర్లు కొట్టండి, లేదా వల బిగించి కట్టండి, నీళ్లు వచ్చిన దారినే పోతాయి. బీములు కూడా బోల్టులతో కాకుండా తాళ్లతో కట్టుకోవచ్చు, జేమ్స్ వారమ్ గీసిన టీకీ 21 లాంటి కాటమరాన్లు అలాగే కడతారు, కాస్త కదలనిస్తే ప్లై చిరగదు. మన తెప్ప దుంగలు తాళ్లతో కట్టినవే కదా, కాటమరాన్ అన్న మాటే తమిళం కట్టుమరం నుంచి పోయింది.

కాకినాడ తెరచాప:
ఉస్సుమని శబ్దం వచ్చిందండి, అప్పుడు పట్టించుకోలేదు. నిన్న కన్నం వేసి, లోపల అడుగున న్యూస్‌పేపరు పరిచి, మళ్లీ అలాగే ఎండలో పెట్టి సాయంత్రం దింపా. గంటన్నర తర్వాత తీస్తే పేపరు మూల కూడా తడవలేదు. షీటు ఆలోచన మానేశా. బీముల మధ్య నాలుగున్నర అడుగులొస్తుంది, టేకు రీపర్లు 19 ఎంఎం మందం సరిపోతుందా, ఇంకా మందం కావాలా?