మన నూకలు తినే సెనెగల్ తన బియ్యం తానే పండించుకోగలదా?

ప్రశ్న: కోనసీమ రైతు, అమలాపురం

అయ్యలారా, మా చుట్టుపక్కల మిల్లుల్లో జల్లెడ కింద రాలిన నూకలు బస్తాలకెక్కి, కాకినాడ రేవు మీదుగా పడమటి ఆఫ్రికాకు, ముఖ్యంగా సెనెగల్‌కు వెళ్తాయని చిన్నప్పటి నుంచీ వింటున్నాను. 2022 సెప్టెంబరులో కేంద్రం నూకల ఎగుమతిని నిషేధించినప్పుడు మా ఊరి మిల్లులో బస్తాలు దూలాల దాకా పేరుకుపోయాయి. వాటిని చూసినప్పుడల్లా, ఈ నూకల కోసం ఎదురుచూసే ఇళ్ళలో ఏం వండుకుంటున్నారో అన్న బెంగ కలిగేది. మనలాగే పెద్ద నది, డెల్టా ఉండి, 1960లోనే స్వాతంత్ర్యం పొందిన దేశం ఇప్పటికీ బియ్యానికి పరాయి రేవుల వైపు ఎందుకు చూడవలసి వస్తోంది?

జవాబు: విశ్రాంత ఇంజనీరు, ధవళేశ్వరం

రైతు గారూ, దీనికి మూలం వలస పాలనలో ఉంది. ఫ్రెంచివారు అక్కడి మెట్ట పొలాలను నూనె కోసం వేరుశనగకు మళ్ళించి, జనం తిండికి తమ ఏలుబడిలోనే ఉన్న ఇండోచైనా నుంచి చవకగా నూకలు తెప్పించారు. ఆ రుచి ఎంతగా నాటుకుందంటే, చేపలతో కలిపి నూకలు వండే చెబుజెన్ వారి జాతీయ వంటకమై, 2021లో యునెస్కో వారసత్వ జాబితాలోకి కూడా ఎక్కింది.

ఇక నీటి సంగతి. వేసవిలో సెనెగల్ నదిలోకి సముద్రపు నీరు రెండు వందల కిలోమీటర్లకు పైగా ఎగదన్నేది. దాన్ని ఆపడానికి 1986లో నది సముద్రంలో కలిసేచోటి సెయింట్ లూయీ పట్టణానికి ఎగువన డియామా ఆనకట్ట కట్టారు, ఎగువన ఉన్న మాలి దేశంలోని మనంతాలి జలాశయం తర్వాత రెండేళ్ళకు పూర్తయింది. ఉప్పు ఆగింది, రెండో పంటకు వీలు చిక్కింది. అయితే నిలకడైన మంచినీటిలో జమ్ము దట్టంగా అల్లుకుంది, నత్తలు పెరిగి, వాటి ద్వారా సోకే బిల్హార్జియా వ్యాధి రిషార్ టోల్ పట్టణాన్ని పట్టి పీడించింది. కాలువల్లో గుర్రపుడెక్క తీయించడంలోనే ఉద్యోగకాలమంతా గడిపిన నాకు ఆ బాధ బాగా తెలుసు.

అసలు తేడా మాత్రం వేరే ఉంది. 1852లో కాటన్ దొర ఆనకట్ట పూర్తి చేసిన నాటి నుంచి మన చేలకు నీరు చాలావరకు వాలునే పారుతోంది. అక్కడ ఎక్కువ మడులకు పంపులతో తోడి పెట్టాలి. సుమారు 2,40,000 హెక్టార్లకు నీరు పెట్టగల అవకాశం ఉన్నా, హెక్టారుకు ఆరు టన్నుల దాకా పండించే రైతులు ఉన్నా, తోడే ఖర్చు, సమయానికి అందని అప్పు కలిసి సాగును ముందుకు సాగనివ్వడం లేదని నా అభిప్రాయం.

జవాబు: బియ్యం ఎగుమతి గుమాస్తా, కాకినాడ

నిషేధం అమలులో ఉన్న రోజుల్లో కూడా, 2023లో ప్రభుత్వాల మధ్య ఒప్పందం కింద సెనెగల్‌కు 5 లక్షల టన్నుల నూకలు పంపడానికి అనుమతి వచ్చింది. 2025 మార్చిలో నిషేధమే తొలగింది. చవకైన సరుకు ఇలా మళ్ళీ దిగితే, పంపు ఖర్చు భరించి పండించిన అక్కడి రైతు ధర దగ్గర నిలవలేడు. మన సరుకు పోవడం మనకు మేలే అయినా ఈ మాట దాచకూడదు.

ఇంజనీరు గారూ, 2024లో సెనెగల్ సముద్రంలోని సంగోమార్ క్షేత్రం నుంచి చమురు, ఆ వెనుకే మౌరిటానియాతో కలిసి తీస్తున్న సహజవాయువు మొదలయ్యాయి. వాయువుతో చవక కరెంటు వస్తే పంపుల భారం తగ్గదా?

జవాబు: మత్స్యకారుడు, అంతర్వేది

తగ్గవచ్చునండీ, కానీ ఆ వాయువు దొరికేది సెయింట్ లూయీ ఎదుటి సముద్రంలోనే. వాయువు తీసే ఆ వేదిక చుట్టూ పడవలను రానివ్వకపోవడంతో, చేపలు బాగా పడే చోటు చేజారిందని అక్కడి గెట్ న్దార్ పేట జాలర్లు మొత్తుకుంటున్నారు. వారికిది రెండో దెబ్బ. 2003లో వరద నీరు పోవడానికి అక్కడ నదికీ సముద్రానికీ మధ్యనున్న ఇసుక తిన్నెకు నాలుగు మీటర్ల గండి కొడితే, అది కొన్ని కిలోమీటర్లకు విస్తరించి, డూన్ బాబా డియే అనే ఊరినే మింగేసింది. మా తీరం కోతకు గురవుతుంటే చూస్తున్నవాణ్ణి కాబట్టి అడుగుతున్నాను: వాయువు రాబడిలో మొదటి వాటా గట్టు రక్షణకు, వేట పోయిన కుటుంబాలకు కేటాయించే ఏర్పాటు ఏదైనా అక్కడ ఉందా?